లేని భాగమునకు పనులు

జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి 2006లో వెలువరించిన పదకొండవ తరగతి జీవశాస్త్ర గ్రంథములో బాక్టీరియా కణమును గూర్చిన భాగము చిన్నదే గాని, చాలవరకు చక్కగా కుదిరినది. కణము వెలుపల నున్న జిగురు పొర, కణకవచము, ప్లాస్మా పొర వేరువేరు పనులు చేయుచునే ఒకే రక్షణగా నిలుచునని చెప్పిన తీరు మెచ్చదగినది.

చిక్కు మీసోసోము దగ్గర వచ్చినది. ప్లాస్మా పొర లోనికి మడతలు పడి ఇది ఏర్పడునని చెప్పి, కవచ నిర్మాణము, డి.ఎన్.ఏ. ప్రతికృతి, శ్వాసక్రియ మున్నగు వానిలో దీనికి పాలు గలదని గ్రంథము వ్రాసినది. ఇట్టి మడతలను 1953లో చాప్మన్, హిల్లియర్ అనువారు ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో చూచిరి. 1960 ప్రాంతమున వీటికి పేరు కుదిరినది. కాని, కణములను పరీక్షకు సిద్ధపరచుటకు వాడిన రసాయనములే పొరను చెదరగొట్టి ఆ మడతలను పుట్టించుచున్నవని పిమ్మట తేలినది. రసాయనము తగులనీయక, కణములను తటాలున గడ్డకట్టించి చూడగా అవి కానరాలేదు. 1980 దశకము తొలినాళ్లకే ఈ సంగతి స్థిరపడినది. శ్వాసక్రియ ప్లాస్మా పొరయందే జరుగును. కణము రెండుగా చీలుటకు ముందు ఎఫ్.టి.ఎస్.జెడ్. అను ప్రోటీను నడుమ వలయముగా ఏర్పడునని 1991లో తెలిసినది. గ్రంథము అచ్చగునాటికి ఇవన్నియు పాత సంగతులే.

చిన్న తప్పని దీనిని త్రోసివేయరాదు. నర్సీపట్నము వంటి ఊరిలో ఉపాధ్యాయుడు పెరుగు చుక్కను గాజుపలకపై పూసి, రంగు వేసి, సూక్ష్మదర్శిని క్రింద కడ్డీలను, గుండ్లను చూపగలడు. వాని లోపలి నిర్మాణమును చూపజాలడు. అక్కడి పిల్లలకు పుస్తకములోని బొమ్మయే సాక్షి. పరీక్షలో మార్కు రావలెనన్న, లేని భాగమునకు గల పనులను వారు వల్లించవలసినదే!

ఉన్న భాగమైన రైబోసోము విషయమున మాత్రము గ్రంథము పిసినారితనము చూపినది. 50ఎస్, 30ఎస్ ఖండములు కలిసి 70ఎస్ అగునని, అక్కడ ప్రోటీనులు తయారగునని చెప్పినది. (కూడిక తప్పెనని విద్యార్థి తికమకపడనక్కరలేదు. ఎస్ అనునది బరువు కాదు. అతివేగముగా త్రిప్పినపుడు అడుగునకు దిగు వేగమునకు కొలత.) మన కణద్రవ్యములోనివి 80ఎస్ రైబోసోములు. ఈ భేదము వలన ప్రయోజన మేమి? భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకుడుగా నుండగా, అచట డగ్గర్ కనుగొనిన ఆరియోమైసిన్ 1948లో వైద్యలోకమునకు అందినది. అది బాక్టీరియాలోని 30ఎస్ ఖండమునకు అంటుకొని ప్రోటీను తయారీని ఆపును. రోగి కణములకు అంత బాధ లేదు. మీసోసోమునకు వెచ్చించిన పంక్తులలోనే ఈ సంగతి ఇమిడియుండెడిది.