గడ్డకట్టిన బీరును పారబోయకండి

అమెరికాలో ఇంట్లో బీరు చేసుకునేవాళ్లు చాలామంది దాన్ని పులియబెట్టేది పాత చెస్ట్ ఫ్రీజర్‌లో. ఫ్రీజర్ ప్లగ్గును థర్మోస్టాట్‌కు తగిలించి, దాని ప్రోబ్‌ను బీరు పాత్రకు అంటిస్తారు. బీరు కావలసినంత చల్లబడగానే కరెంటు ఆగిపోవాలి. ప్రోబ్ ఊడి బయటపడిందా, అది గది వేడినే చూస్తుంటుంది, ఫ్రీజర్ రాత్రంతా తిరుగుతూనే ఉంటుంది. తెల్లారి మూత తీస్తే 19 లీటర్ల మంచు ముద్ద. మిన్నెసోటా లాంటి చోట్ల అసలు ఫ్రీజర్‌తో పనిలేదు, జనవరిలో గ్యారేజీలో పెట్టి మరిచిపోతే చాలు.

చాలాసార్లు ఆ బీరు దక్కుతుంది. దాన్ని పాడుచేసేది ఆ తర్వాత మనం పడే తొందర.

5 శాతం ఆల్కహాలున్న బీరు సుమారు మైనస్ 2 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది. ముందు గడ్డకట్టేవి నీళ్లు. ఆల్కహాలు, చక్కెర, చేదు, రంగు చాలావరకు మిగిలిన ద్రవంలోకి చేరిపోతాయి. పుల్లఐసులో రంగునీళ్లు పీల్చేస్తే తెల్ల మంచు మిగలడం చూశాం కదా, అదే సంగతి. ద్రవం చిక్కబడేకొద్దీ గడ్డకట్టడానికి ఇంకా ఎక్కువ చలి కావాలి. అందుకే మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టినా మంచు మధ్య కొంత చిక్కటి ద్రవం మిగిలే ఉంటుంది.

బవేరియాలోని కుల్మ్‌బాఖ్ ఊరు ఈ లక్షణంతోనే ఒక బీరు చేసుకుంది. 1890 ప్రాంతంలో అక్కడి బ్రూవరీలో పనిచేసే కుర్రాడు అలసిపోయి బాక్ బీరు పీపాలను లోపలికి దొర్లించకుండా పెరట్లోనే వదిలేశాడట. పొద్దున్నకి పీపాలు పగిలి ఉన్నాయి, మంచు నడుమ నల్లటి ద్రవం ఉంది. మండిపడ్డ మేస్త్రి శిక్షగా దాన్ని వాడిచేతే తాగించాడనీ, తీరా చూస్తే అది అమోఘంగా ఉందనీ కథ. శిక్ష మనకూ పడితే బాగుండుననిపిస్తుంది. ఇలా మంచు తీసేసి చిక్కబరిచిన బాక్ బీరునే ఐస్‌బాక్ అంటారు. ఇప్పటి కుల్మ్‌బాఖర్ ఐస్‌బాక్‌లో ఆల్కహాలు 9.2 శాతం. ష్నైడర్ బ్రూవరీ వాళ్ల గోధుమ ఐస్‌బాక్‌లో 12.

అయితే ఐస్‌బాక్ చేసేవాళ్లు మంచును తీసి అవతల పారేస్తారు. మనకు కావలసింది పాత బీరే అయితే, ఆ మంచు కరిగి మళ్లీ అందులోనే కలవాలి. చేదు దట్టించిన ఐపీఏ రకం బీరులోంచి మంచు తీస్తే చేదు ఇంకా ముదిరి నోట్లో పెట్టుకోలేం. మాల్టు తీపి నిండుగా ఉన్న బాక్ బీరుకే ఆ మర్యాద చెల్లుతుంది.

బీరు స్టీలు పీపాలో, అంటే కెగ్‌లో గడ్డకడితే ముందు ఫ్రీజర్ ఆపి, ఫ్రీజర్ మూత తీసి, అలాగే వదిలేయాలి. వేడినీళ్లు పోయకూడదు. గడ్డకట్టే నీళ్లు తమలోని కార్బన్ డయాక్సైడును బయటికి నెట్టేస్తాయి, కెగ్‌లో అప్పటికే ఒత్తిడి పెరిగి ఉంటుంది. ఒకటి రెండు రోజుల్లో మెల్లగా 4 డిగ్రీలకు రానివ్వాలి. సగం కరిగాక రుచి చూద్దామని కుళాయి తిప్పితే మొదటి గ్లాసు ఘాటుగా దిగుతుంది, ఆఖరి గ్లాసులకు నీళ్లే మిగులుతాయి. పూర్తిగా కరిగాక కూడా నీళ్లు పైన, చిక్కటి బీరు అడుగున ఉండిపోవచ్చు, కాబట్టి కెగ్‌ను నెమ్మదిగా దొర్లించి కలపాలి. గ్లాసులో తెల్లటి తునకలు తేలితే హడలిపోనక్కర్లేదు. చలికి విడిపోయిన ప్రోటీన్లవి, కొన్నాళ్లు చల్లగా కదలకుండా ఉంచితే అడుగుకు చేరతాయి. గ్యాసు తగ్గితే 10-12 పీఎస్‌ఐ దగ్గర మళ్లీ ఎక్కించుకోవచ్చు.

ఇంకా పులుస్తున్న బీరు గడ్డకడితే సమస్య ఈస్ట్‌ది. మంచు పలుకులు దాని కణాలను చీల్చేస్తాయి. కొన్ని బతుకుతాయి, కానీ వాటిమీదే భారం వేయలేం. కరిగించి, బాగా కలిపి, ఏల్ రకం బీరైతే 18-20 డిగ్రీలకు తెచ్చి, సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ వేయాలి. కలపకుండా వేస్తే అది చూపే అంకె అబద్ధం. రెండు మూడు రోజులైనా అంకె దిగకపోతే, ఇంకా దిగాల్సింది ఉంటే, కొత్త డ్రై ఈస్ట్ ప్యాకెట్ వేయడమే.

సీసాలతో మాత్రం చెలగాటం వద్దు. నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి, గాజు ఓర్చుకోలేదు. మూత ఉబ్బినదీ, చీలిక కనిపించినదీ తెరవకుండా గుడ్డ చుట్టి పారేయండి. అందులో ఎంత మంచి బీరున్నా సరే. గాజు పాత్ర చిట్లినా అదే తీర్పు. ఇంకా గ్యాసు పట్టని సీసాలైతే కరిగాక మూత తీసి చిటికెడు ఈస్ట్ పలుకులు వేసి మళ్లీ బిగించవచ్చు.

ఇది తెలుగు రాష్ట్రాల్లో చేసి చూడాల్సిన పని కాదు. ఇక్కడ లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు చేయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం. అమెరికాలోనూ 1978లో జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టం మరుసటేడు ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చాకే ఫెడరల్ ప్రభుత్వం దీన్ని ఒప్పుకుంది, అదీ ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల మేరకు. అక్కడ ఈ సరదా ఉన్న మనవాళ్లకు ఒక్క మాట: ప్రోబ్‌ను పాత్రకు ఆనించి, పైన స్పాంజి ముక్క పెట్టి, గట్టి టేపు చుట్టండి. థర్మోస్టాట్‌లో అలారం ఉంటే దాన్నీ పెట్టుకోండి.