పొడిపించుకునేవాడి పనితనం

పాతబస్తీ గల్లీలో కత్తిపోరు అనగానే మన సినిమాల్లో హీరో మీదే కెమెరా. కత్తికి పదునుందని నమ్మించేది మాత్రం పొడిపించుకునే ఫైటర్. ఎదుటివాడి చేతిలో ఉన్నది రబ్బరు కత్తో, మొద్దు అంచు అల్యూమినియం ముక్కో. ఆ చేయి కెమెరాకు అవతలి వైపు పక్కటెముకల పక్కనుంచి జారిపోతుంది. సరిగ్గా అప్పుడే ఇతను పొట్ట లోపలికి లాక్కుని, ఊపిరి వదిలి, ముందుకు వంగాలి. ముందే వంగితే నాటకం, ఆలస్యమైతే నిజంగానే దెబ్బ. ఈ లెక్క హైదరాబాద్ పాతబస్తీలోని బార్కస్‌కు కొత్త కాదు. నిజాం సైన్యంలోకి హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు ఉండే బస్తీ అది. పెళ్లి బరాత్‌లలో మర్ఫా దరువుకు కత్తులు తిప్పుతూ ఆడేవాళ్ల నేర్పంతా పక్కవాడి ఒంటికీ అంచుకీ మధ్య దూరం పట్టుకోవడంలోనే ఉంది.

నిజమైన కత్తిదాడి క్షణాల్లో ముగుస్తుంది, అందులో పెనుగులాటే తప్ప విన్యాసం ఉండదు, కాబట్టి తెరమీద చూపేదంతా అబద్ధమే అంటారు కొందరు. నిడివి వరకూ ఒప్పుకోవాల్సిందే. కానీ చూసేవాడు నమ్మేది భయాన్ని. 1989లో 'శివ' సినిమాలోని సైకిల్ చైన్ జనాన్ని ఉలిక్కిపడేలా చేసిందంటే, చేతికందిన మామూలు వస్తువు ఆయుధమైపోవడంలోని బెదురే కారణం. కత్తిని చూసి చేతులు అడ్డం పెట్టుకోని రౌడీని ఎవరు నమ్ముతారు? హింసను అందంగా చూపిస్తున్నారన్న అభ్యంతరం ఇంకా బరువైనది. దానికీ జవాబు ఈ ఫైటర్ దగ్గరే ఉంది: పోటు పడ్డవాడు మళ్లీ లేచి పరిగెత్తకుండా, నొప్పితో కూలి అక్కడే ఉండిపోతే కత్తిమీద మోజు పుట్టదు. టైటిల్స్‌లో ఫైట్ మాస్టర్ పేరు వేస్తున్నారు. అలా కూలిన మనిషి పేరూ వేయాలి.