కొరత ఉన్నచోటే ఖాళీ లేదు

రాత్రి పది దాటాక ఏదైనా పెద్ద ప్రభుత్వాసుపత్రి మెడికల్ వార్డులోకి తొంగిచూస్తే నర్సుల కొరత ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. మంచాలు నిండి కింద పరుపుల మీద కూడా పేషెంట్లు ఉంటారు. ఒకచేత కేస్‌షీట్లు, ఇంకోచేత ఇంజెక్షన్ ట్రే పట్టుకుని ఒకరో ఇద్దరో సిస్టర్లు ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతుంటారు. మర్నాడు పొద్దున హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏ కార్పొరేట్ ఆసుపత్రి హెచ్‌ఆర్ గది ముందుకు వెళ్లినా నర్సుల నిరుద్యోగం కూడా అంతే స్పష్టంగా కనిపిస్తుంది. ఒళ్లో ప్లాస్టిక్ ఫోల్డర్లు పెట్టుకుని అమ్మాయిలు వరసగా కూర్చుని ఉంటారు, మధ్యలో నలుగురైదుగురు అబ్బాయిలు. బీఎస్సీ నర్సింగ్ అయితే నాలుగేళ్లు, జీఎన్‌ఎం అయితే మూడేళ్లు చదివి వచ్చినవాళ్లు.

ఒకే ఊళ్లో ఈ రెండూ ఎలా ఉంటాయని అడిగితే జవాబు లెక్కల్లో ఉంది. కొరతను పడకలతో కొలుస్తారు, ఖాళీలను పోస్టులతో కొలుస్తారు. బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు, ఐసీయూలో ఒకరికి ఒకరు ఉండాలని భారత నర్సింగ్ మండలి ప్రమాణాలు చెబుతాయి. ఆ లెక్కన చూస్తే ఎక్కడ చూసినా కొరతే. కానీ మంజూరైన పోస్టు లేనిదే ప్రభుత్వం ఉద్యోగం ఇవ్వదు, బడ్జెట్‌లో చోటు లేనిదే ప్రైవేటు యాజమాన్యం ఇవ్వదు. డబ్బు బిగుసుకున్న ఏడాది డాక్టరును వద్దనుకోలేని ఆసుపత్రి నర్సును మాత్రం వచ్చే ఏడాదికి వాయిదా వేస్తుంది. సొంత నర్సింగ్ కాలేజీ ఉంటే మరీ సులువు. క్లినికల్ పోస్టింగ్ పేరుతో వచ్చే విద్యార్థినులు వార్డులో ఎలాగూ ఉంటారు.

విచిత్రమేమంటే, ప్రైవేటు ఆసుపత్రి బిల్లులో ‘నర్సింగ్ చార్జీలు’ అని చాలాచోట్ల విడిగా ఒక వరస ఉంటుంది. రోగి బంధువులు ఆ అంకె చూసి నిట్టూరుస్తారు. ఆ రోజు ఆ మంచం చూసుకున్న సిస్టర్‌కు అందులో తన వంతు ఎంతో తెలియదు.

మరోవైపు చదివి బయటికొచ్చేవాళ్లు పెరుగుతున్నారు. కొత్త మెడికల్ కాలేజీల పక్కనే 157 నర్సింగ్ కాలేజీలు పెట్టడానికి 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. ₹1,570 కోట్ల ఖర్చుతో ఏటా సుమారు 15,700 మంది పట్టభద్రులు అదనంగా వస్తారని అప్పుడే చెప్పింది. కాలేజీకి నిధులు ప్రకటించినంత తొందరగా వార్డుకు పోస్టులు ప్రకటించరు. ఆ రెండింటి మధ్య దూరంలోనే కొత్త నర్సు నిలబడి ఉంటుంది.

ఆమె మొదటి నిరీక్షణ ఉద్యోగం కోసం కాదు, కాగితం కోసం. యూనివర్సిటీ ఫలితాలు రావాలి, సర్టిఫికెట్ రావాలి, ఆపైన రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ కావాలి. ఆ నంబరు లేనిదే పేరు పక్కన ‘ఆర్‌ఎన్, ఆర్‌ఎమ్’ రాసుకోవడానికి లేదు. ఈలోగా చాలామంది ‘ట్రైనీ’ అనే మాట కింద చేరిపోతారు. పని స్టాఫ్ నర్సుదే, జీతం మాత్రం ట్రైనీది. కౌన్సిల్ నంబరు వచ్చిన రోజునే హోదా మార్చమని రాతపూర్వకంగా అడగాలన్నది హాస్టల్ అక్కలు జూనియర్లకు చెప్పే మొదటి పాఠం. అడగని వాళ్లు ఏడాదైనా ట్రైనీలుగానే మిగిలిపోతారు.

ఇంటర్వ్యూ సంగతికి వద్దాం. వాక్-ఇన్‌లో హెచ్‌ఆర్ వాళ్లు అడిగేది పేరు, ఊరు, హాస్టల్ కావాలా అన్నదే. అసలు పరీక్ష నర్సింగ్ సూపరింటెండెంట్ గదిలో జరుగుతుంది. టేబుల్ మీద తెల్లకాగితం పెట్టి లెక్క ఇస్తారు: 500 మిల్లీలీటర్ల సెలైన్ 4 గంటల్లో ఎక్కాలి, మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెట్, నిమిషానికి ఎన్ని చుక్కలు? ఐదు వందలను ఇరవైతో హెచ్చించి 240 నిమిషాలతో భాగిస్తే 42కు కాస్త తక్కువ. చంటిపిల్లల వార్డులో వాడే 60 చుక్కల మైక్రో సెట్ అయితే? 125. లెక్క వచ్చినవాళ్లను ఇంకో మెట్టు ఎక్కిస్తారు.

“పొటాషియం క్లోరైడ్ యాంప్యూల్ నేరుగా ఐవీలో ఇచ్చేయమని డాక్టర్ గారు ఫోన్‌లో చెప్పారమ్మా. ఏం చేస్తావ్?”

“ఇవ్వను మేడం. డైల్యూట్ చేయకుండా ఇస్తే గుండె ఆగిపోవచ్చు. డాక్టర్ గారికి అదే చెప్తాను, ఇన్‌చార్జ్ సిస్టర్‌ని పిలుస్తాను.”

ఈ ప్రశ్నలో మందు గురించిన జ్ఞానం సగమే. పైవాళ్లు చెప్పారని చేసేసే మనిషా, ఆగి అడిగే మనిషా అన్నది మిగతా సగం. ‘డాక్టర్ గారు చెప్తే ఇస్తాను మేడం’ అని వినయంగా చెప్పిన అమ్మాయి తనకు ఉద్యోగం ఎందుకు రాలేదో తెలియకుండానే బస్సెక్కుతుంది. కాలేజీలో ఎదురు మాట్లాడకూడదని నేర్పి, వార్డులో ఎదురు చెప్పగలగాలని ఆశించే వృత్తి ఇది.

ఎంపికైన తర్వాత అసలు బేరం మొదలవుతుంది. ఏడాదో రెండేళ్లో బాండు, మధ్యలో మానేస్తే కట్టాల్సిన మొత్తం, ‘సేఫ్టీ కోసం’ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేయమన్న మాట. ఉద్యోగం దొరకని కాలంలో ఇవేవీ ఎక్కువగా అనిపించవు. ఒరిజినల్స్ ఇచ్చేసిన అమ్మాయి ఆ తర్వాత నోటిఫికేషన్ వచ్చినా సర్టిఫికెట్ల పరిశీలనకు వెళ్లలేదు, విదేశానికి దరఖాస్తు చేసుకోలేదు, రాత్రి డ్యూటీలో ఐసీయూ మొత్తం ఒక్కదాని మీద వదిలేసినా మానేయలేదు. బాండు కన్నా గట్టి ముడి అది.

అందుకే ఈ వృత్తిలో అనుభవమున్నవాళ్లు కొత్తవాళ్లకు జీతం గురించి కన్నా ముందు మనుషుల గురించి చెబుతారు. మొదటి నెల పక్కన నిలబడే సీనియర్ ఎవరు? రాత్రి డ్యూటీలో ఒక్కరికి ఎంతమంది పేషెంట్లు? వేరే వార్డుకు ఎప్పుడు మారుస్తారు? వెయ్యి పడకల ఆసుపత్రిలో ఓపీ టోకెన్ల దగ్గర రెండేళ్లు గడిపిన నర్సు కన్నా, వంద పడకల మిషన్ ఆసుపత్రిలో కాన్పులు, ఆపరేషన్ థియేటర్, ఎమర్జెన్సీ అన్నీ తిరిగిన నర్సుకు చేతిలో పని ఎక్కువ. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, పెద్ద బోర్డు చూసి చేరి చదువుకున్నది కూడా మర్చిపోయినవాళ్లు తక్కువేం కాదు.

పని నేర్చుకుంటే చాలదు, దానికి రుజువు కూడా ఉండాలి. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ల నియామకానికి నార్సెట్ పరీక్ష రాయాలంటే జీఎన్‌ఎం వాళ్లకు కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం ఉండాలి. అనుభవ పత్రంలో పడకల సంఖ్య రాయకపోయినా, జీతం చేతికి నగదుగా ఇచ్చి పీఎఫ్ కట్టకపోయినా, ఆ రెండేళ్లు చేసినట్టు నిరూపించడం కష్టం. పీఎఫ్ ఖాతాలో నెలనెలా పడే చిన్న మొత్తం పొదుపు మాత్రమే కాదు, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఇక్కడ పనిచేసిందని చెప్పే సాక్ష్యం.

నార్సెట్ ఆకర్షణ ఏమిటో చెప్పనక్కర్లేదు. లెవల్ 7, మూలవేతనం ₹44,900. పోటీ దేశమంతటితో, తప్పు జవాబుకు మార్కు కోత, పోస్టుల్లో 80 శాతం మహిళలకు, 20 శాతం పురుషులకు. రైల్వే కూడా నర్సింగ్ సూపరింటెండెంట్లను ఇదే స్థాయిలో తీసుకుంటుంది. 2024 నోటిఫికేషన్‌లో దేశం మొత్తానికి 713 పోస్టులు ఉంటే, 2025లో అవి 272కు తగ్గాయి.

రాష్ట్రాల దారి వేరు. తెలంగాణ వైద్య నియామక బోర్డు 2022 డిసెంబరులో 5,204 స్టాఫ్ నర్సు పోస్టులు ప్రకటించినప్పుడు 40 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. తర్వాత పోస్టులు పెంచారు, 2023 ఆగస్టులో పరీక్ష పెట్టారు, 2024 జనవరి 31న ఎల్‌బీ స్టేడియంలో 6,956 మందికి నియామక పత్రాలు ఇచ్చారు. అదే ఏడాది సెప్టెంబరులో మరో 2,050 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. వందలో 80 మార్కులు రాతపరీక్షకు, 20 మార్కులు ప్రభుత్వాసుపత్రుల్లో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ కింద చేసిన సేవకు. కాంట్రాక్టులో ఏళ్ల తరబడి నలిగినవాళ్లకు అది న్యాయమే. నిన్న పాసైన అమ్మాయి మాత్రం ఆ ఇరవై లేకుండా పరుగు మొదలుపెడుతుంది.

ఆంధ్రప్రదేశ్ కాంట్రాక్టు నియామకాల్లో ఇది ఇంకో రూపంలో ఉంది. కోర్సు మార్కులకు 75, ప్రభుత్వ కాంట్రాక్టు సేవకు 15 వరకు, అర్హత సాధించాక గడిచిన ఒక్కో ఏడాదికి ఒక మార్కు చొప్పున 10 వరకు. అంటే పని దొరికినా, దొరక్క ఇంట్లో కూర్చున్నా ఏడాది గడిస్తే మార్కు వస్తుంది. సీనియర్లకు అన్యాయం జరగకూడదని పెట్టిన నిబంధనే. కానీ దానివల్ల క్లాసు ఫస్టు వచ్చిన అమ్మాయి కూడా మెరిట్ లిస్టులో తన పేరు కిందెక్కడో వెతుక్కుంటుంది.

కొవిడ్ కాలం ఈ వరసను కాస్త కదిపింది. నూరు రోజుల కొవిడ్ డ్యూటీ పూర్తిచేసినవాళ్లకు రెగ్యులర్ నియామకాల్లో ప్రాధాన్యం ఇస్తామని 2021 మేలో కేంద్రం ప్రకటించింది. కానీ పీపీఈ కిట్లలో చెమటోడ్చిన ఎంతోమందికి ఉధృతి తగ్గగానే కాంట్రాక్టు కూడా ముగిసింది. అదే సమయంలో పల్లెల్లో ఇంకో తలుపు తెరుచుకుంది. 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ కేంద్రాల్లో బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లను కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లుగా తీసుకుంటున్నారు. ఆంధ్రలో విలేజ్ క్లినిక్ సిస్టర్‌గా జనం ఎరిగింది వీళ్లనే. బీపీ, షుగర్ చూడటం, గర్భిణుల నమోదు, టెలిమెడిసిన్ ఫోన్లు అన్నీ వీళ్ల పనే. నెలకు ₹25,000, పనితీరును బట్టి ప్రోత్సాహకం. ఇది కూడా కాంట్రాక్టే.

ఇక విదేశం. పాసైన వారం తిరక్కముందే ఇంట్లో వచ్చే ప్రశ్న, “అమ్మాయిని లండన్ పంపిస్తారా, జర్మనీనా?” అని. లండన్ దారి ఇప్పుడు ఇరుకైంది. తమ దేశంలోనే కొత్తగా పాసైన నర్సులకు పోస్టులు దొరక్క, 2025 ఆగస్టులో బ్రిటన్ ప్రభుత్వం ఇంగ్లండ్‌లో వాళ్ల కోసం ‘గ్రాడ్యుయేట్ గ్యారంటీ’ ప్రకటించాల్సి వచ్చింది. అంతకు ముందు నెలలోనే కేర్ వర్కర్ వీసాపై విదేశాల నుంచి కొత్తవాళ్లను తెచ్చుకునే దారి మూసేసింది. అమెరికాకు నర్సింగ్ లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ పాసైనా భారత్‌లో పుట్టినవాళ్లకు గ్రీన్ కార్డు వరస ఏళ్లకు ఏళ్లు. జర్మనీ తలుపు తీసే ఉంది గానీ తాళంచెవి భాష. నర్సుగా పూర్తి గుర్తింపు రావాలంటే మామూలుగా బీ2 స్థాయి జర్మన్ కావాలి. అది నెలల తరబడి కూర్చుని చదవాల్సిన పని. గల్ఫ్‌లో చాలాచోట్ల రెండేళ్ల అనుభవం అడుగుతారు. కాబట్టి అన్ని దారులూ తిరిగి ఆ మొదటి ఉద్యోగం దగ్గరికే వస్తాయి.

ఈ ఆత్రంలోనే ఏజెంట్లు దిగుతారు. కువైట్ నియామకాల్లో లక్షలకు లక్షలు గుంజిన మోసాలు బయటపడ్డాక, 2015లో కేంద్రం గల్ఫ్ తదితర దేశాలకు నర్సులను పంపే పనిని ప్రభుత్వ సంస్థలకు అప్పగించింది. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ ఆ కోవలోని ప్రభుత్వ సంస్థలే. అప్పు చేసి ఏజెంటు చేతిలో డబ్బు పెట్టేముందు ఈ రెండు ఆఫీసుల్లో ఒకదాని తలుపు తట్టడానికి బస్సు చార్జీ తప్ప ఖర్చు లేదు.

మొదట పని నేర్చుకో, జీతం తర్వాత అన్న మాట నిజమే. ఆ మాటను యాజమాన్యాలు తమకు అనుకూలంగా వాడుకుంటున్నాయన్నదీ నిజమే. ప్రైవేటు నర్సుల దుస్థితి చూడమని 2016 జనవరి 29న సుప్రీంకోర్టు ఆదేశిస్తే, కేంద్రం వేసిన కమిటీ లెక్క తేల్చి చెప్పింది. 50 పడకల లోపు ఆసుపత్రిలోనూ నెలకు ₹20,000కు తగ్గకూడదు. 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి. కేరళలో నర్సులు సంఘంగా నిలబడి పోరాడితే 2018 ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వం ఆ ₹20,000ను కనీస వేతనంగా నోటిఫై చేసింది. తెలుగు జిల్లాల నర్సింగ్ హోమ్‌లలో ఆ అంకెను ఇవాళ్టికీ మంచి జీతం కింద చెప్పుకుంటున్నారు. పదేళ్ల కిందటి కనీసం అది. కేరళ చేసిన పని చేయడానికి ఇక్కడి రెండు ప్రభుత్వాల కార్మిక శాఖలకు కొత్త చట్టం అక్కర్లేదు, ఒక నోటిఫికేషన్ చాలు.

అది వచ్చేదాకా, ఈ ఏడాది కౌన్సిల్ నంబరు అందుకున్నవాళ్లు నియామక పత్రం మీద అక్కడికక్కడే సంతకం పెట్టకండి. ఒక రోజు గడువడిగి ఇంటికి తెచ్చుకుని చదవండి. పీఎఫ్ కడతారా, అనుభవ పత్రంలో పడకల సంఖ్య రాస్తారా, రాత్రి డ్యూటీలో ఎంతమందిని అప్పజెబుతారు అని అడగండి. ఒరిజినల్స్ చూపించండి, జిరాక్స్ ఇవ్వండి, ఒరిజినల్స్ మాత్రం వెనక్కి తెచ్చుకోండి.