చేపల తొట్టిలో సమతుల్యం: ఒక సిద్ధాంత విమర్శ

కొత్తగా చేపలను పెంచదలచిన విద్యార్థి సాధారణంగా ఒకే దారిన నడుస్తాడు. ఒకనాడు గాజుతొట్టి తెస్తాడు. అడుగున ఇసుక పరచి, కుళాయి నీరు నింపి, నాలుగు హైడ్రిల్లా కాడలు నాటి, ఆ సాయంకాలమే పది చేపలను అందులో వదులుతాడు. రెండు మూడు రోజులు తొట్టి చూడముచ్చటగా ఉంటుంది. తరువాత నీరు పాలు కలిపినట్లు మసకబారుతుంది. వారం తిరిగేసరికి చేపలు రెక్కలు ముడుచుకొని మూలకు చేరతాయి. లేదా నీటి పైభాగానికి వచ్చి నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉంటాయి. విద్యార్థి కంగారుపడి నీరంతా పారబోసి, ఇసుకను, రాళ్ళను వేడినీళ్ళతో కడిగి, కొత్తనీరు పోస్తాడు. ఎవరో ఇచ్చిన నీలిమందు నాలుగు చుక్కలు వేస్తాడు. ఒకరోజు తేరుకొన్నట్లు కనిపించిన చేపలు మళ్ళీ నీరసిస్తాయి. నెల గడిచేసరికి తొట్టి ఖాళీ అవుతుంది. “నాకు చేపలు అచ్చిరావు” అనుకొని అతడు దానిని అటక ఎక్కిస్తాడు.

ఈ నష్టానికి కారణం ఆ విద్యార్థి అశ్రద్ధ అనటం న్యాయం కాదు. అతడు విన్నదానిని శ్రద్ధగానే పాటించాడు. లోపం అతడు నమ్మిన సిద్ధాంతంలో ఉన్నది. చేపలు విడిచే బొగ్గుపులుసు వాయువును మొక్కలు గ్రహిస్తాయి. మొక్కలు విడిచే ఆమ్లజనిని చేపలు పీలుస్తాయి. కనుక రెండూ కలిసి ఉన్న తొట్టి తనంతట తానే సమతుల్యంలో ఉంటుంది అనేదే ఆ సిద్ధాంతం. ఇది వినటానికి ఇంపుగా ఉంటుంది; బోధించటానికి సులభంగా ఉంటుంది. అందువల్లనే ఇంతకాలం నిలిచింది. దీనిలో సత్యమెంత, లోపమెంత అని పరిశీలించటం అవసరం. ఎందుకనగా ఇక్కడి పొరపాటుకు మూల్యం చెల్లించేవి నోరులేని జీవులు.

సిద్ధాంతం పుట్టుక

ఈ భావనకు మూలం 18వ శతాబ్దంలోనే ఉన్నది. జ్వలనం వల్ల చెడిన గాలిని పుదీనా మొక్క తిరిగి బాగుచేస్తుందని 1771లో ప్రీస్ట్లీ గమనించాడు. మొక్క ఈ పని చేయటానికి సూర్యకాంతి కావలెనని, చీకటిలో అది కూడా గాలిని చెడగొడుతుందని 1779లో ఇంగెన్‌హౌజ్ నిరూపించాడు. ఈ రెండవ మాటను తరువాతివారు తరచు మరచిపోవటం గమనింపదగినది.

దీనిని నీటికి అన్వయించి పేరు గాంచినవాడు లండన్‌లోని రసాయనశాస్త్రజ్ఞుడు రాబర్ట్ వారింగ్టన్. 1849లో ఆయన సుమారు 12 గ్యాలన్లు, అనగా దాదాపు 54 లీటర్లు పట్టే గాజుపాత్రలో ఇసుక, మట్టి, రాళ్ళు వేసి, వాలిస్నేరియా మొక్కను నాటి, రెండు చిన్న బంగారు చేపలను వదిలాడు. కొంతకాలానికి రాలిన ఆకులు కుళ్ళి నీరు మురికి అయింది. చెరువులలో ఈ కుళ్ళును ఎవరు తొలగిస్తున్నారని ఆలోచించి, ఆయన నత్తలను తెచ్చి వేశాడు. నీరు తేరుకొన్నది. ఈ పరిశీలనలను 1850లో రసాయన సంఘానికి నివేదించాడు. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ వ్రాసిన ‘ది అక్వేరియం’ అనే పుస్తకం ఈ అభిరుచిని ఇంగ్లండులో ఇంటింటికీ చేర్చింది.

వారింగ్టన్ పరిశీలనలో తప్పు లేదు. ఆయన ఓపికతో చూశాడు. చెడినచోట కారణం వెదికాడు. కాని అనుకరించినవారు ఆయన పద్ధతిని వదలి ఫలితాన్ని మాత్రమే పట్టుకొన్నారు. అంత పెద్ద పాత్రలో ఉన్నవి రెండే చేపలు, అవికూడా చిన్నవి. ఈ నిష్పత్తిని మరచి, మొక్క ఒకటి ఉంటే ఎన్ని చేపలనైనా వేయవచ్చుననే భావం వ్యాపించింది. అంతకంటె ముఖ్యమైన లోపం మరొకటి ఉన్నది. చేప బొగ్గుపులుసు వాయువును మాత్రమే విడువదు. అది ముఖ్యంగా మొప్పల ద్వారా అమ్మోనియాను కూడా విసర్జిస్తుంది. తినకుండా మిగిలిన ఆహారం, రాలిన ఆకులు కుళ్ళినప్పుడు కూడా అమ్మోనియాయే పుడుతుంది. ఈ విషం ఏమవుతున్నదనే ప్రశ్నకు వాయువుల మార్పిడి సిద్ధాంతంలో సమాధానం లేదు.

కుమారుడు పూరించిన ఖాళీ

ఆ సమాధానం తొట్టిలో కాక మట్టిలో దొరికింది. 1877లో ఫ్రాన్సులో ష్లోసింగ్, మ్యూంజ్ అనే శాస్త్రజ్ఞులు ఇసుక, సున్నపురాయి నింపిన గొట్టంగుండా మురుగునీటిని మెల్లగా పంపారు. మొదటి 20 రోజులు నీటిలోని అమ్మోనియా అలాగే బయటికి వచ్చింది. తరువాత క్రమంగా దాని స్థానంలో నైట్రేటు కనిపించసాగింది. గొట్టంలోనికి క్లోరోఫారం ఆవిరిని పంపగానే ఆ మార్పు ఆగిపోయింది. క్లోరోఫారంను తొలగించి, మంచి మట్టిని కడిగిన నీటిని కొద్దిగా పోసిన పిమ్మట మళ్ళీ మొదలయింది. కనుక ఇది కేవలం రసాయనిక చర్య కాదు, జీవులు చేసే పని అని తేలింది.

ఇంగ్లండులోని రోథాంస్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఈ పనిని ముందుకు తీసుకొనిపోయినవాడు మరొక రాబర్ట్ వారింగ్టన్. ఈయన అక్వేరియం వారింగ్టన్ కుమారుడే! అమ్మోనియా మొదట నైట్రైటుగాను, ఆ నైట్రైటు తరువాత నైట్రేటుగాను రెండు దశలలో మారుతుందని, ఈ రెండు దశలకు వేరువేరు సూక్ష్మజీవులు కారణమని ఆయన చూపాడు. ఆ జీవులను విడదీసి పెంచిన కీర్తి మాత్రం 1890లో రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీకి దక్కింది. తండ్రి తొట్టిలో మిగిలిన ఖాళీని పూరించగల విషయం కుమారుని మట్టి పరిశోధనలో ఉన్నది. అయినా ఈ రెండింటినీ కలిపి చూడటం చాలాకాలం పెంపకపు పుస్తకాలకు సాధారణం కాలేదు.

ఈ విజ్ఞానం నేటికీ పెరుగుతూనే ఉన్నది. 2005లో అమ్మోనియాను నైట్రైటుగా మార్చే ఆర్కియా అనే మరో తరగతి సూక్ష్మజీవిని తొలిసారిగా వేరుచేశారు. అది దొరికినది అమెరికాలోని సియాటిల్ అక్వేరియంలోని ఒక తొట్టిలోనే. రెండు దశలనూ ఒంటరిగా నిర్వహించగల బాక్టీరియా ఉన్నదని 2015లో తెలిసింది.

మరొక విమర్శ, దాని పరిమితి

సమతుల్య సిద్ధాంతాన్ని విమర్శించటం కొత్త కాదు. 1949లో న్యూయార్కుకు చెందిన మత్స్యశాస్త్రజ్ఞుడు జేమ్స్ ఆట్జ్ అది కట్టుకథ అని స్పష్టంగా వ్రాశాడు. తొట్టిలో వాయువుల మార్పిడి ప్రధానంగా నీటి ఉపరితలం దగ్గర గాలితో జరుగుతుందని, మొక్కలు లేకపోయినా చేపలు బ్రతకగలవని ఆయన వాదం. ఇది నిజమే. గుండ్రని గాజుకూజాలో మూతిదాకా నీరు నింపితే గాలి తగిలే వైశాల్యం కుంచించుకొనిపోతుంది. అదే నీటిని వెడల్పయిన తొట్టిలో పోస్తే చేపలు సుఖంగా ఉంటాయి. వేసవిలో ఈ భేదం మరింత తెలుస్తుంది. 20 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆమ్లజని కరగగా, 30 డిగ్రీల వద్ద సుమారు 7.5 మిల్లీగ్రాములే కరుగుతుంది.

అయితే దీనినిబట్టి మొక్కలు కేవలం అలంకారమని తేల్చటం కూడా పొరపాటే. మొక్కలు అమ్మోనియాను నేరుగా ఆహారంగా తీసుకొంటాయి. వాటి ఆకులు సూక్ష్మజీవులకు ఆశ్రయమిస్తాయి. మొక్క సహాయకారి, రక్షకుడు కాదు.

నీరసించిన చేపకు చేయవలసినది

ఈ చరిత్రలోనే వైద్యమూ ఉన్నది. 1877 నాటి గొట్టం మూడు సంగతులు చెప్పింది: సూక్ష్మజీవులు పెరగటానికి కాలం కావలెను, విషద్రవ్యం తగిలితే వాటి పని ఆగుతుంది, పాతమట్టి సారం అందితే పని త్వరగా మొదలవుతుంది. కొత్తతొట్టిలో ఈ జీవులు చాలినంతగా పెరగటానికి సాధారణంగా 4 నుండి 6 వారాలు పడుతుంది. ఇసుకను వేడినీళ్ళతో కడిగిన విద్యార్థి తెలియకుండానే వాటిని చంపి, గడువును మళ్ళీ మొదటికి తెచ్చాడు. నీలిమందు, అనగా మిథిలీన్ బ్లూ, కూడా ఈ జీవులకు హాని చేయగలదు. మందు వేయవలసి వస్తే జబ్బుచేపను వేరొక పాత్రలో ఉంచి వేయటం మేలు.

చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తుంటే మొదట ఒకటి రెండు రోజులు మేత ఆపవలెను. ఆరోగ్యంగా ఉన్న పెద్దచేప అంతమాత్రాన చిక్కిపోదు. తరువాత తొట్టినీటిలో నాలుగవ వంతు నుండి మూడవ వంతు వరకు తీసి, అంతే వెచ్చదనం గల మంచినీటిని పోయవలెను. అవసరమైతే మరునాడు కూడా ఇలాగే చేయవచ్చును. కుళాయి నీటిలో క్రిములను చంపటానికి కలిపే క్లోరిన్ చేపల మొప్పలకూ, మేలుచేసే సూక్ష్మజీవులకూ హానికరం. వెడల్పయిన పాత్రలో ఒకరోజు నిలువ ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది. క్లోరమిన్ కలిపిన నీటికి మాత్రం ఇది చాలదు. దానికి తగిన మందు వాడవలెను. గాలిబుడగల యంత్రం ఉంటే వేయవలెను. లేకుంటే చెంబుతో కొంతసేపు నీటిని ఎత్తిపోసినా తాత్కాలికంగా మేలు కలుగుతుంది. వడపోత స్పాంజిని కుళాయి క్రింద కడుగరాదు. తొట్టినుండి తీసిన నీటిలోనే పిండవలెను. ఆరోగ్యంగా ఉన్న పాతతొట్టినుండి గుప్పెడు ఇసుకో, స్పాంజి ముక్కో తెచ్చి వేయటం పాతమట్టి సారం పోయటంతో సమానం.

అమ్మోనియా ఎంత ప్రమాదమనేది నీటి స్వభావాన్నిబట్టి ఉంటుంది. 25 డిగ్రీల వద్ద పి.హెచ్. 7 అయినప్పుడు మొత్తం అమ్మోనియాలో ఒక శాతం కన్న తక్కువే తీవ్ర విషరూపంలో ఉంటుంది, పి.హెచ్. 8 అయితే అది 5 శాతం దాటుతుంది. కనుక క్షారగుణం గల బావినీటితో నింపిన తొట్టిలో మరింత జాగ్రత్త అవసరం. అమ్మోనియా తగ్గిన తరువాత నైట్రైటు పెరిగే దశ వస్తుంది. నైట్రైటు రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆమ్లజని మోయలేని రూపంలోనికి మారుస్తుంది. అప్పుడు నీటిలో ఆమ్లజని ఉన్నా చేపకు ఊపిరాడదు. తొట్టిలో బుడగలు వస్తూనే ఉన్నాయి గదా, చేపలెందుకు రొప్పుతున్నాయి అనే సందేహానికి తరచు ఇదే జవాబు.

ఒక హెచ్చరిక కూడా చేయవలసి ఉన్నది. నోరు పైకెత్తిన ప్రతి చేపా రోగి కాదు. కొరమేను, గురామి వంటివి స్వభావసిద్ధంగానే పైకి వచ్చి గాలి మింగుతాయి. చేప జాతిని తెలిసికొనక చికిత్సకు పూనుకోరాదు.

పాఠశాలలో

హైడ్రిల్లాపై గరాటు బోర్లించి ఆమ్లజనిని పట్టే ప్రయోగం ఉన్నత పాఠశాల విద్యార్థులకు సుపరిచితమే. ప్రయోగం నిజమైనది. కాని అది ఎండలో జరుగుతుంది. వరండా మూలనున్న తొట్టిలో, అందునా రాత్రివేళ, అదే హైడ్రిల్లా చేపతోపాటు ఆమ్లజనిని వాడుకొంటుంది. ఉపాధ్యాయుడు ఈ రెండవ సగాన్ని కూడా చెబితే పాఠం పూర్తవుతుంది.

తొట్టి పెట్టిన పాఠశాలలో చేపలను వేయటానికి తొందరపడకుండా, మొదట రెండు చిన్నచేపలతో ప్రారంభించవచ్చును. వారానికి రెండుసార్లు అమ్మోనియా, నైట్రైటు, నైట్రేటులను పరీక్షించి గోడపై పట్టిక వ్రాయించవలెను. పరీక్షద్రావణాలు అక్వేరియం దుకాణాలలో దొరుకుతాయి. అమ్మోనియా పెరిగి తగ్గటం, నైట్రైటు పెరిగి తగ్గటం, చివరకు నైట్రేటు పేరుకోవటం విద్యార్థులు తమ కళ్ళతో చూస్తారు. అంకెలు పెరిగిననాడు నీరు మార్చటం, తగ్గి నిలిచిన తరువాతనే మరి రెండు చేపలు వేయటం వారికి అలవాటు కావలెను. పేరుకొన్న నైట్రేటును తొలగించటానికి కూడా నీటిని అప్పుడప్పుడు మార్చక తప్పదు. తనంతట తానే నడిచే తొట్టి లేదనటానికి ఇదే నిదర్శనం.

మొదటి వారింగ్టన్ నీరు మురికి అయినప్పుడు తొట్టిని అటక ఎక్కించలేదు. మురికి ఎక్కడనుండి వచ్చినదని అడిగాడు. ఆయన సిద్ధాంతాన్ని నేడు సవరించుకొనవలసి ఉన్నా, ఆ ప్రశ్న అడిగే అలవాటును మాత్రం విద్యార్థులకు తప్పక నేర్పవలెను.