వెంట నడుస్తా, మొక్కను

మొయినాబాద్ మండలం ఎంకపల్లి చుట్టుపక్కల దేవుణ్ని నమ్మకుండా బతికే మనిషికి చిలుకూరు ప్రశ్న తప్పదు. ఉస్మాన్‌సాగర్ ఒడ్డునున్న బాలాజీ గుడి ఈ మండలంలోదే. అక్కడ హుండీ లేదు. కోరిక చెప్పుకొని 11 ప్రదక్షిణలు చేస్తారు, తీరాక 108. లెక్క తప్పకుండా అంకెలు అచ్చేసిన కార్డు ఒకటి చేతిలో పట్టుకొని, చుట్టుకో అంకె చొప్పున పెన్నుతో కొట్టేస్తూ నడుస్తారు. మోకాళ్ల నొప్పులున్న తల్లి ఆ 108 చుట్లు మొదలుపెట్టిందంటే, నమ్మకం లేని కొడుకు ఎక్కడ నిలబడాలి? చెప్పుల స్టాండు దగ్గరా, కారులోనా, ఆమె పక్కనా? కొందరు ఆమె మోచెయ్యి పట్టుకొని నడుస్తారు. కార్డు తామే తీసుకొని అంకెలు కొట్టేస్తారు. గర్భగుడి ముందుకు రాగానే ఆమె చేతులు జోడిస్తుంది, పక్కనున్నవాడు జోడించడు. ఆమెకూ ఆ సంగతి తెలుసు.

నమ్మనివాడు తనవాళ్ల మధ్య మెలిగే తీరు ఇలాంటి చోట్లే రూపు దిద్దుకుంటుంది. ఇది ఒక్కనాటితో వచ్చే విద్య కాదు. ఇంటింటా కొత్తగా నేర్చుకోవాల్సిందే.

పిలుపు అన్ని వైపుల నుంచీ వస్తుంది. ప్రభువును నమ్ముకున్న చెల్లె ఫోన్ చేస్తుంది: “అన్నా, నీ కోసం ఉపవాసముండి ప్రార్థన చేస్తున్నం. ఒక్క ఆదివారం రా.” కార్తీకమాసం రాగానే నల్లబట్టల్లో వచ్చిన బావమరిది అంటాడు: “ఒక్కసారి మాల ఏసుకో బావా, నలభై ఒక్క రోజుల్ల మనిషివే మారిపోతవ్.” కొత్తింట్లో సత్యనారాయణ వ్రతానికి పీటల మీద కూర్చోమని మేనత్త పట్టుబడుతుంది. చిన్నప్పటి దోస్తు శుక్రవారం నమాజు తర్వాత ఓ పుస్తకం చేతిలో పెట్టి, చదివి చెప్పమంటాడు. ఎవరి దారి వారిదే అయినా అడిగేవారి గొంతులో ఉండే తొందర మాత్రం ఒకటే.

ఆ తొందర ఎందుకో అర్థం చేసుకోకుండా ఇచ్చే జవాబు పొల్లుపోతుంది. చెల్లె నిజంగానే అన్న నరకానికి పోతాడని భయపడుతోంది. తన అప్పు తీరిందనో, భర్త తాగుడు మానాడనో, కూడికలో నలుగురి ముందు సాక్ష్యం చెప్పిన మనిషి ఆమె. తనకు దొరికింది అన్నకూ దొరకాలని కోరుకోవడం ప్రేమే. కొడుకు దీపం ముట్టించకుంటే ఇంటికి అరిష్టమని వణికే తల్లిదీ అదే ప్రేమ. వాళ్ల నమ్మకం తప్పని తోచినా, దాని వెనకున్న గుండెదడ అబద్ధం కాదు.

ఎక్కువమంది ఇచ్చే జవాబులు రెండే. మొదటిది నటన. పండుగ పూట గొడవెందుకని బొట్టు పెట్టించుకుంటారు, కళ్లు మూసుకుని ఆమెన్ అంటారు. ఆ ఒక్క పూట గట్టెక్కుతుంది. ఆ మరుసటి నెల బాప్తిస్మం తేదీయో, మాలధారణ తేదీయో ఖాయం చేసుకొని వస్తారు. అప్పుడు వద్దంటే, ఇన్నాళ్లూ మోసం చేశావన్న మాట పడాలి. ఆ మాటలో న్యాయం ఉంది కూడా.

రెండోది వెటకారం. 2022 డిసెంబర్‌లో వికారాబాద్ జిల్లా కొడంగల్ ప్రాంతంలో ఒక సభలో నాస్తిక వక్త అయ్యప్ప గురించి అన్న మాటలకు తెలంగాణ అంతటా అలజడి రేగింది. ఆయన అరెస్టయ్యారు. సభలో ఏ మాట అనొచ్చు, ఎక్కడ చట్టం కల్పించుకోవాలి అన్నది వేరే చర్చ. ఆ వారం చాలా ఇళ్లలో జరిగింది మాత్రం ఈ విషయానికి దగ్గరిది. మాలలో ఉన్న తమ్ముడు నమ్మకం లేని అన్నను ఆ వక్త పక్షాన నిలబెట్టి చూశాడు. వేదిక మీది మాట భోజనాల దగ్గరికి వచ్చేసరికి అవమానంగా మారింది. అన్న ఆ మాట అనలేదు. అయినా తాను ఏమంటాడో, ఏమనడో తమ్ముడికి ముందే తెలియనివ్వకపోవడం వల్ల ఆ నింద మోయాల్సి వచ్చింది.

తెలుగునాట ఈ దారిలో ముందు నడిచిన ఇల్లు గోరాది. గోరాగా పేరుపడ్డ గోపరాజు రామచంద్రరావు 1902లో సనాతన బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. జంధ్యం తీసేసి కన్నవారింటికి దూరమయ్యారు. నాస్తికత్వం వల్లే 1933లో కాకినాడ పి.ఆర్. కాలేజీలో ఉద్యోగం పోయింది. పదేళ్ల వయసులోనే ఆయనతో పెళ్లయిన సరస్వతి, నమ్మే ఇంటినుంచే వచ్చి, తన ఆలోచనతో తాను భర్త పక్కకు చేరారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో ఇద్దరూ నాస్తిక కేంద్రం మొదలుపెట్టారు. 1947లో దాన్ని విజయవాడకు మార్చారు.

ఇంత ఖరాఖండి మనిషి, దేశంలోకెల్లా పేరుమోసిన భక్తుడి దగ్గరికి వెళ్లారు. నాస్తిక పద్ధతిలో అంటరానితనంపై పనిచేస్తున్నామని గోరా 1941లో రాస్తే, నాస్తికత్వ ప్రచారంలో ఎవరూ నెగ్గలేదన్న అర్థంలో గాంధీ తిరుగుటపా రాశారు. గోరా అక్కడితో ఆపలేదు. 1944 చివర సేవాగ్రాం వెళ్లి ఎదురుగా కూర్చున్నారు. ఆ మాటామంతీ తర్వాత 1951లో నవజీవన్ ప్రచురణగా ఇంగ్లిష్‌లో పుస్తకమైంది. చదివితే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. దేవుడున్నాడా లేడా అన్నచోట వాళ్లు ఎక్కువసేపు నిలవలేదు. పల్లెలో సహపంక్తి భోజనాలు ఎలా జరుగుతున్నాయి, ఎవరొస్తున్నారు, ఎవరు రావడం లేదు అన్న పనిలోకి దిగిపోయారు. తన ఆస్తికత్వం ఒప్పనీ, గోరా నాస్తికత్వం తప్పనీ తాను చెప్పలేనన్న దాకా గాంధీ వచ్చారు. గోరా తన మాట ఒక్కటీ వెనక్కి తీసుకోకుండానే ఆశ్రమానికి ఆత్మీయుడయ్యారు.

గోరా పెద్దకూతురు మనోరమకు దళిత యువకుడు అర్జునరావుతో పెళ్లి నిశ్చయమైనప్పుడు ఈ స్నేహానికి అసలు పరీక్ష వచ్చింది. సేవాగ్రాంలో గాంధీ సమక్షంలో చేయాలని అనుకున్నారు. ఆశ్రమంలో పెళ్లి ప్రమాణం దేవుడి పేరిటే ఉంటుంది. ఆ మాట నాస్తిక పిల్ల నోట ఎలా పలుకుతుంది? దేవుడి స్థానంలో సత్యం అనే మాట పెట్టడానికి గాంధీ ఒప్పుకున్నారు. జనవరి 30న ఆయన హత్య జరిగింది. అయినా 1948 మార్చి 13న సేవాగ్రాంలోనే, అనుకున్న తీరులోనే ఆ పెళ్లి జరిగింది. గాంధీ తన ప్రార్థన మానలేదు, గోరా కుటుంబం ప్రార్థనలో చేరలేదు. ఇద్దరూ మనస్ఫూర్తిగా పలకగలిగే మాట దొరికేదాకా ఓపిక పట్టారు.

అదే ఇంటికి 1960లో ఒక కోడలు వచ్చింది. ఆమె హేమలత, గుర్రం జాషువా కూతురు. క్రైస్తవ కుటుంబంలో పుట్టి పురాణ వస్తువులతో పద్యాలు రాసి, ఇరుపక్కలా మాటలు పడ్డ కవి ఇంటిబిడ్డ నాస్తికుల ఇంట మెట్టింది. గోరా కొడుకు లవణంతో కలిసి తెలంగాణలో జోగినీ వ్యవస్థ మీద, ఆంధ్రలో స్టువర్టుపురం వాసుల పునరావాసం కోసం ఏళ్ల తరబడి పనిచేసింది.

చేవెళ్ల, మొయినాబాద్ ఇళ్లలో వేదికలూ ఆశ్రమాలూ ఉండవు. వంటిల్లు, వాకిలి, పెళ్లిపందిరి ఉంటాయి. అక్కడ పనికొచ్చే మొదటి సంగతి, మాట ముందే చెప్పడం. ప్రార్థనకు అందరూ కూర్చున్నాక లేచిపోవడం కంటే, వారం ముందే విడిగా కూర్చొని చెబితే ఎవరి పరువూ పోదు: “చెల్లే, నాకు నమ్మకం లేదు. నీ మీద కోపం గూడ లేదు. కూడికకు రాను. నీ ఇంటికైతే ఎప్పుడు పిలిస్తె అప్పుడొస్త.” చెప్పాక నిజంగా పోవాలి. పిల్లల పుట్టినరోజుకీ, ఆస్పత్రికీ, పొలం పనికీ అందరికంటే ముందుండాలి. అన్నం ముందు ప్రార్థన చేస్తుంటే చెయ్యి కంచంలో పెట్టకుండా ఆగితే చాలు, ఆమెన్ అనక్కర్లేదు. గృహప్రవేశానికి పీటల మీద కూర్చోలేనన్నవాడు వంటల దగ్గర నిలబడి నాలుగు వందల మందికి వడ్డించొచ్చు. బోనం ఎత్తుకున్న అక్కకు బరువు పట్టొచ్చు.

జబ్బు చేసినప్పుడు ఒత్తిడి ముదురుతుంది. ఐసీయూ బయట ఒకరు తాయత్తు తెస్తారు, ఒకరు తలమీద చెయ్యిపెట్టి ప్రార్థిస్తామంటారు. మాట్లాడే ఓపిక లేనివాడి తరఫున అప్పుడు ఎవరు చెప్పాలి? అందుకే ఒంట్లో బాగున్నప్పుడే భార్యకో, తమ్ముడికో చెప్పిపెట్టాలి. తన తర్వాత దేహాన్ని ఉస్మానియా, గాంధీ మెడికల్ కాలేజీల్లో దేనికైనా ఇవ్వాలనుకునేవారికి ఇది మరీ అవసరం. చివరికి ఆ దేహాన్ని అప్పగించాల్సింది నమ్మకమున్న బంధువులే.

చట్టం తెలిసి ఉండటమూ మంచిదే. రాజ్యాంగం 25వ అధికరణ అంతఃకరణ స్వేచ్ఛతో మొదలవుతుంది. మతాన్ని ప్రచారం చేసుకునే హక్కులో అవతలి మనిషిని మార్చే హక్కు కలిసిలేదని సుప్రీంకోర్టు 1977లో స్టానిస్లాస్ కేసులో చెప్పింది. నమ్మకపోతే వాటా రాదని బెదిరించే బంధువులుంటారు. హిందూ ఇంట పుట్టిన నాస్తికుడికి 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే వర్తిస్తుంది, నమ్మకం లేదన్న కారణంతో వాటా పోదు. దళిత ఇళ్లలో లెక్క ఇంకో రకం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవం తీసుకున్న ఎస్సీలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బీసీ-సీ కిందికి వస్తారు. కాబట్టి ఆదివారం చర్చికి పోయే ఇంట్లో కాగితం మీద మరో మతం ఉంటే, దాన్ని పట్టుకొని ఎగతాళి చేయడం నమ్మనివాడికి తగదు. ఆ కాగితం వెనక పిల్లల ఫీజులున్నాయి.

పిల్లల దగ్గర నాస్తికుడికీ ఒక పరీక్ష ఉంది. 2023లో తెలంగాణ హైకోర్టు జనన నమోదులో మతం లేదు, కులం లేదు అని రాసుకునే వీలు ఉండాలని తీర్పిచ్చింది. అలా రాయించుకున్న తల్లిదండ్రులు, ఆ బిడ్డ పదిహేనేళ్లకు అమ్మమ్మతో చిలుకూరు పోతానంటే ఏమంటారు? తమను మార్చాలని చూసినవాళ్ల నుంచి ఏ మర్యాద కోరుకున్నారో, అదే బిడ్డకు ఇవ్వగలగాలి.

2011 జనాభా లెక్కల్లో మతం చెప్పనివారు దేశంలో సుమారు 28.7 లక్షల మంది, అంటే జనాభాలో పావు శాతం కూడా లేరు. ఇప్పుడు 2027 లెక్కలు వస్తున్నాయి. ఎన్యూమరేటర్ ఇంట్లో ఒక్కొక్కరి మతం విడివిడిగా అడిగి రాసుకుంటాడు. చాలా ఇళ్లలో అందరి తరఫునా జవాబు చెప్పేది పెద్దవాళ్లు. తనకు హిందువని, కోడలికి క్రైస్తవమని, కొడుక్కి ఏ మతమూ లేదని ఒకే గడపలో నిలబడి చెప్పే తల్లి ఎంకపల్లి వైపు ఒక్కరైనా ఉండాలంటే, ఆ కొడుకు ఆమెతో మాట్లాడటం ఇప్పుడే మొదలుపెట్టాలి.