వర్ణనలకు కన్నొక్కటియే చాలునా?

నగరము, సముద్రము, పర్వతము, ఋతువులు మహాకావ్యమున వర్ణింపవలెనని దండి కావ్యాదర్శమునఁ జెప్పెను. మన ప్రబంధకవులలోఁ బెక్కండ్రు దానిని కంటికి మాత్రమే విధించిన శాసనముగాఁ గైకొనిరి. సరస్సనఁగాఁ దామర, అచటి నేల యే వాసన వేసెనో యడుగరాదు!

ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసమునందలి వర్షర్తువు వేఱు. శ్రీకృష్ణదేవరాయలు మేఘములఁ జూచి యూరకుండక వంటయింటిలోనికి వచ్చెను. నిప్పు దొరకదు, తడికట్టెలు మండవు, పొగ యిల్లెల్లఁ గ్రమ్మును. వానకారు మేడమీఁదివారికి దృశ్యము. పొయ్యికడ నున్నదానికిఁ గన్నుమంట. ఈ భేదమును సింహాసనముమీఁది కవి యెట్లు గ్రహించెనో మాకు వింతగా నున్నది.

నేఁటికిని వర్షాకాలముపై వ్యాసమనఁగా బాలురు మెఱుపులను నెమళ్లనే వ్రాయుదురు. నెమలిని వారిలోఁ బెక్కండ్రు చూచియుండరు. ఇంటిలో నాఱని బట్టల వాసనను, చూరునీటి చప్పుడును వ్రాసినవాని కాగితముపై నెఱ్ఱసిరా గీఁత పడుచున్నది.