ఎక్స్‌-మెన్‌ చిత్రకథ: తొలిసంచికల పునఃపరిశీలనము

ఒక గ్రంథమునకుఁ గాలక్రమమున వచ్చిన కీర్తి యొక్కొక్కప్పుడు దాని మూలమును గప్పివేయును. పిదపవారు చెప్పిన యర్థమే మొదటికర్త యుద్దేశమని పఠితలు నమ్ముదురు. కావ్యేతిహాసముల విషయమున నిట్టి భ్రమలను దొలఁగించుటకుఁ దాళపత్రప్రతుల పరిశీలన మెంతయుఁ దోడ్పడినది. బాలుర వినోదమునకై యచ్చుపడిన బొమ్మలకథల యెడను మూలమునే క్రమముగాఁ జదివెడి యీ పద్ధతి యుపయోగించు ననుటకు అమెరికాదేశపు ‘ఎక్స్‌-మెన్‌’ చిత్రకథ మంచి యుదాహరణము.

2000వ సంవత్సరమునుండి వెలువడిన చలనచిత్రములవలన నీ కథ తెలుఁగు బాలురకును బరిచితమైనది. పుట్టుకచేతనే యితరులకంటె భిన్నులైనవారిని లోకము ద్వేషించుటయు, ద్వేషింపఁబడియు వారు లోకమునే రక్షించుటయు దీనికిఁ బ్రాణమని ప్రసిద్ధి. ఈ ప్రసిద్ధి తొలిసంచికల కెంతవఱకుఁ జెల్లునో విచారింపవలసియున్నది.

ఈ పత్రిక మొదటి సంచిక 1963 సెప్టెంబరు తేదీతో న్యూయార్కునగరమందలి మార్వెల్‌ సంస్థవారిచేఁ బ్రకటింపఁబడెను. మొదట నిది రెండుమాసముల కొకమాఱు వెలువడుచుండెను. రచయిత స్టాన్‌ లీ (1922–2018). చిత్రకారుఁడు జాక్‌ కర్బీ (1917–1994). ఇరువురును ఐరోపానుండి వలసవచ్చిన యూదుల సంతానము. వీరే 1961లో ‘ఫెంటాస్టిక్‌ ఫోర్‌’ అను నలుగురు వీరుల కథ నారంభించి పేరు గాంచిరి. ఆ సంస్థయందు రచయిత కథాసూత్రమును మాత్రము చెప్పఁగాఁ జిత్రకారుఁడు దానిని ఘట్టములుగా విభజించి చిత్రించుటయు, బొమ్మలు సిద్ధమైన పిమ్మట రచయిత సంభాషణములు గూర్చుటయు వాడుక. కావున నిందుఁ గర్తృత్వము లీ కొక్కనికే చెందినదనుట సరికాదు. ఘట్టముల కూర్పునందును, యుద్ధముల వేగమునందును గర్బీ చేయి స్పష్టముగాఁ గానవచ్చుచున్నది.

కథావస్తు విది. చార్లెస్‌ జేవియర్‌ అను నాచార్యుఁడు నడువలేనివాఁడు; చక్రముల కుర్చీయందుండియే పరుల మనస్సుల నెఱుఁగఁగలవాఁడు. ఆతఁడు న్యూయార్కునకుఁ జేరువనున్న వెస్ట్‌చెస్టర్‌ ప్రాంతమున నొక విద్యాలయమును నడపుచు, వింతశక్తులతో జన్మించిన యైదుగురు యువజనులకు శిక్షణ మిచ్చుచుండును. కన్నులనుండి తేజఃపుంజము వెలువరించు సైక్లాప్స్‌, ఱెక్కలు గల ఏంజెల్‌, బలశాలియు లాఘవవంతుఁడునగు బీస్ట్‌, మంచును సృజించు ఐస్‌మాన్‌, చేయి తగులనీయకయే వస్తువులను గదలించు మార్వెల్‌ గర్ల్‌ అనువా రా యైదుగురు.

ఈ శక్తివిభాగము తెలుఁగువారికిఁ గొత్త కాదు. గంగవరము, పలమనేరు, పుంగనూరు, కుప్పము పరిసరములందు ద్రౌపదీధర్మరాజుల గుళ్లయొద్దఁ బగలు హరికథయు రాత్రి వీథినాటకమునుగా జరుగు భారతోత్సవములఁ జూచినవారు దీనిని జక్కఁగా గ్రహింపఁగలరు. అర్జునుఁడు తపస్సుమ్రాను నెక్కునాఁ డతఁడే నాయకుఁడు. మన్నుతోఁ జేసిన మహాకాయుఁడగు దుర్యోధనుఁడు గూలునాఁడు భీముఁడే నాయకుఁడు. ఒకనికి లేనిశక్తి మఱియొకనికుండుటయు, వంతు వచ్చినప్పు డొక్కొక్కఁడు ముందు నిలుచుటయు సంఘకథకు మూలసూత్రము. లీ, కర్బీల రచన యీ సూత్రమును జక్కఁగాఁ బాటించినది. బీస్ట్‌ పాత్ర యిందులకు నిదర్శనము. మొదటి సంచికలో మోటుగా మాటలాడు నాతఁడు కొలఁది సంచికలలోనే దీర్ఘపదములు వాడు పండితుఁడయ్యెను. భీముని దేహమున సహదేవుని ప్రజ్ఞను నిలుపుటవలనఁ బాత్ర కొక వైచిత్రి గలిగెను.

ఇఁక లోకద్వేషమను విషయము. దాని బీజము మొదటి సంచికలోనే కలదు. తన బాల్యమున జనులు తన్నుఁ జూచి భయపడిరనియు, మానవజాతి యింకను దమవంటివారి నంగీకరింపఁజాలదనియు జేవియర్‌ చెప్పును. కాని కథ యీ మాట ననుసరింపలేదు. ఆ సంచికలోనే మాగ్నెటో యను ప్రతినాయకుఁ డాక్రమించిన క్షిపణిస్థావరమును శిష్యులు విడిపింపఁగా, నచటి సేనాని వారిని మిక్కిలి గౌరవించును. రెండవ సంచికలో ఏంజెల్‌ను జూచి యువతులు మోహముతో మూఁగుదురు; ప్రభుత్వోద్యోగి యాచార్యునకుఁ దోడ్పడును. ఇవి ద్వేషింపఁబడువారి కథలు కావు. లోకము మెచ్చిన శిష్యుల కథలు. తొలిసంచికల నిజమైన విషయము గురుకులము. గురునాజ్ఞ, శిక్షణమందలి శ్రమ, సహాధ్యాయుల పరిహాసములు ననునవియే పుటల నిండుగా నున్నవి.

ద్వేషము ఘట్టరూపమున మొదట నెచటఁ బొడకట్టినదో చూచినచో నాశ్చర్యము గలుగును. 1964 మార్చి నాఁటి నాల్గవ సంచికలో మాగ్నెటో యొక్క దుష్టసోదరసంఘము ప్రవేశించును. అందు స్కార్లెట్‌ విచ్‌ అను యువతి గలదు. ఆమెను మంత్రకత్తెయని గ్రామస్థులు చంపఁబూనఁగా మాగ్నెటో రక్షించెననియు, నా ఋణముచేతనే యామెయు సోదరుఁడగు క్విక్‌సిల్వరును మనసొప్పకయే వానిని సేవించుచుండిరనియుఁ గథ చెప్పుచున్నది. అనఁగా లోకపీడితులు మొదట నాయకపక్షమునఁ గాక శత్రుశిబిరమునఁ గానవచ్చుచున్నారు. పీడితురాలిని గాపాడినవాఁడు జేవియర్‌ కాఁడు, మాగ్నెటో. పిదపవారు మాగ్నెటోను గేవలదుష్టుఁడుగాఁ గాక గాయపడిన హృదయము గలవానిఁగాఁ జిత్రించుట కీ ఘట్టమే యవకాశము గల్పించినది. కాని నాఁటి కర్తలు దీని భావమును విచారింపక ముందునకు సాగిరి.

పల్నాటివీరుల కథతోఁ బోల్చినచో నీ లోపము మఱింత స్పష్టమగును. 1911లో అక్కిరాజు ఉమాకాంతము గారు పరిష్కరించి ప్రకటించిన ద్విపదకావ్యమువలనఁ బండితలోకమున ప్రచారమందిన యా వీరగాథయు సంఘకథయే. బ్రహ్మనాయని యనుచరులు చాపకూటిపంక్తిని గులభేదము లేక భుజింతురు. మాలకులమున జనించిన కన్నమదాసు సేనానియై వెలయును. బాలచంద్రుని సోదరతుల్యులైన చెలికాండ్రలో బ్రాహ్మణుఁడును, మంగలి, చాకలి, కుమ్మరి మున్నగు కులములవారును గలరు. భేద మచటఁ బ్రత్యక్షము. దానిని దాఁచుట కెవ్వరికిని వీలు లేదు. సమత్వమునకు హద్దు నా కథయే చూపినది. బ్రాహ్మణుఁడగు అనపోతు యుద్ధమునఁ జావరాదని బాలచంద్రుఁ డొక నెపమున నతనిని వెనుకకుఁ బంపును. ఆ సంగతి తెలిసి యనపోతు ప్రాణము విడుచును. అన్నము నందఱతోఁ బంచుకొన్నవానికి మరణము పంచుకొను నధికారము లేకపోయెను. ఈ విషాదమును దాఁపక చెప్పుటయే యా కథ గొప్పతనము.

ఎక్స్‌-మెన్‌ తొలిశిష్యులకు నిట్టి పరీక్ష లేదు. ఐదుగురును శ్వేతజాతీయులగు నమెరికా యువజనులే. ఏంజెల్‌ ఱెక్కలను పట్టీలతో బిగించి వస్త్రములలో దాఁచును. సైక్లాప్స్‌ ఎఱ్ఱని కన్నద్దములు పెట్టుకొనును. బీస్ట్‌ పెద్దపాదములను బూట్లలో నణఁచును. ఆపైఁ బురవీథులలో సామాన్యులవలె సంచరింతురు. అప్పటి అమెరికాలో నల్లవారు పౌరహక్కులకై పోరాడుచుండిరి; మొదటి సంచిక మీఁది తేదీకి సరియగు 1963 ఆగస్టు, సెప్టెంబరుల మధ్యకాలముననే వాషింగ్టన్‌ మహాయాత్ర, ఆగస్టు 28న, జరిగినది. ఆ జనులకుఁ దమ వర్ణమును దాఁచు కన్నద్దములు లేవు. భిన్నత్వమును గథావస్తువుగా గ్రహించియు, భిన్నులను జూపకపోవుట తొలిసంచికల ప్రధానదోషము.

గురుపాత్రయందును విమర్శింపఁదగినది కలదు. రెండవ సంచికలో వానిషర్‌ యొక్కయు, మూఁడవ సంచికలో బ్లాబ్‌ యొక్కయు స్మృతిని జేవియర్‌ తన మనశ్శక్తిచే రూపుమాపును. ఓడినవాని బుద్ధిని హరించుట ధర్మమా యను శంక శిష్యులలో నొక్కనికిని గలుగదు. మూఁడవ సంచికలోనే యాచార్యుఁడు శిష్యురాలియెడ ననురాగమును దనలోఁ దలపోయుటయు నౌచిత్యభంగమే. పిమ్మట నీ భావమును గథలో మూలఁబడవేసిరి.

కథ తన విషయమును గుర్తించుట క్రమముగా జరిగినది. 1964 నవంబరు నాఁటి యెనిమిదవ సంచికలో బీస్ట్‌ ఒక బాలుని ప్రాణము గాపాడఁగా, జనులు కృతజ్ఞత చూపుటకు మాఱుగా నతనిమీఁదఁ బడుదురు. అతఁడు రోసి సంఘమును విడుచును. 1965 నవంబరునుండి మూఁడు సంచికలలో సాగిన సెంటినెలుల కథయందు ట్రాస్క్‌ అను శాస్త్రజ్ఞుఁడు భిన్నజాతివలన మానవులకుఁ గీడు మూడునని చాటి, వారిని వేఁటాడుటకు యంత్రపురుషులను నిర్మించును. ఆ యంత్రములు నిర్మాతనే బంధించును. చివరకుఁ దన తప్పు నెఱిఁగి ట్రాస్క్‌ ప్రాణత్యాగము చేసి వానిని నశింపఁజేయును. భయము రక్షణమను పేరఁ దన్నే మ్రింగుననుట కిది చక్కని నిరూపణము. నేఁటి ప్రసిద్ధికిఁ దగిన కథ యిదియే; కాని యిది పదునాల్గవ సంచికఁగాని మొదలు కాలేదు.

1970లో 66వ సంచికతో నూతనకథలు నిలిచిపోయి, పాతకథలే పునర్ముద్రితము లయ్యెను. 1975లో లెన్‌ వీన్‌, డేవ్‌ కాక్రం అనువారు కెన్యా, జర్మనీ, రష్యా, కెనడా మొదలగు దేశములకుఁ జెందిన వీరులతో సంఘమును గ్రొత్తగాఁ గూర్చిరి. తరువాత క్రిస్‌ క్లేర్‌మాంట్‌ దానిని బహుసంవత్సరములు పెంపొందించెను. తొలుత మాటగా మాత్రమున్న భిన్నత్వ మప్పుడు రూపము దాల్చినది.

కాఁబట్టి లోకప్రసిద్ధమైన యర్థము తొలిసంచికలయందు సిద్ధమై యున్నదనుట మూలమునకు విరుద్ధము, లేనేలేదనుటయు సరికాదు. బీజ మున్నది, దాని శక్తి కర్తలకే పూర్తిగాఁ దెలియలేదు. మొదటి పదునాఱు సంచికలను గ్రమముగాఁ జదివినవారి కొక కథ తన యర్థమును దాన వెదకికొనుట ప్రత్యక్షముగాఁ గానవచ్చును. పాఠశాలలందు బాలురు చదువు బొమ్మలకథలను బండితులు తేలికగాఁ ద్రోసివేయక, యీ దృష్టితోఁ బరిశీలించి, పల్నాటివీరుల చాపకూటిపంక్తి ప్రక్కను నిలిపి చూపినచో, సంఘకథలయం దెవ్వరికిఁ జోటు గలదు, ఎవ్వరికి లేదను ప్రశ్న శిష్యులకుఁ దమంతఁ దామే స్ఫురింపఁగలదు.